ఐదో పాఠం

మెంతులు చల్లిన మూడో రోజు
గుండుసూది తలలంత పచ్చగా లేచినాయి.
నాలుగో రోజుకి తొట్టిలో ఒట్టి మట్టి.
పిట్టగోడ మీద రెండు పావురాలు
పెండ్లి భోజనం చేసొచ్చినోళ్ల మాదిరి
గొంతులోనే గురగురమంటా.

ఉష్ అన్నాను.
కగ్గదాసపుర పావురానికి ఉష్ అంటే లెక్కలేదు.
చీపురు తిరగేసి పాతితే
దాని ఈనెలే పీక్కుపోయినాయి, గూటికి.
పక్క మిద్దె నంజమ్మ వల కట్టించుకోమంది,
అడుగుకింత అని రేటు కూడా చెప్పింది.
చారెడు మెంతాకుకి వలేంది?

బీరువా కింద బూట్ల డబ్బాలో
కన్నడం నేర్పే క్యాసెట్టు కనబడింది.
మదనపల్లి నుంచి వచ్చిన కొత్తలో
మెజెస్టిక్ ఫుట్‌పాత్ మీద
ఈయన బేరమాడి తెచ్చింది, ఇరవై రెండు రూపాయలకి.
రాత్రి గిన్నెలు కడిగినాక వేసుకునేవాళ్లం.
అందులో మేష్టరు ఒక మాట చెప్పి ఆగేవాడు.
ఆ ఖాళీలో మేం అనాల.
బన్ని.
బన్ని.
కూత్కొళ్ళి.
కూత్కొళ్ళి.
నీరు కొడి.
నాలుగో పాఠం చివర టేపు చుట్టుకుపోయేది.
పెన్సిలు దూర్చి తిప్పి తిప్పి ఈయన బతికించేవాడు,
మళ్ళీ అక్కడే మింగేది.
రమ్మనడం వచ్చింది, కూచోమనడం వచ్చింది.
పొమ్మనడం
ఐదో పాఠంలో ఉండిందేమో.

స్క్రూలు విప్పి లాగితే
కాఫీ డికాక్షన్ రంగు టేపు, వస్తానే ఉంది.
బట్టల కొక్కెం నుంచి నీళ్ల పైపుకి,
పైపు నుంచి కరేపాకు కొమ్మకి,
తొట్లకి జానెడు ఎత్తున.
వదులుగా కడితే ఊగుతుంది, అంతే.
బిగించి మధ్యలో ఒక్క మెలిక పెడితేనే
గాలికి నోరొస్తుంది.

ఈయన వచ్చి చూసి
"ఇరవై రెండు రూపాయలు" అన్నాడు.
ఇంకేమీ అనలేదు.
జారిపోతా ఉన్న కొసని తనే ముడేసినాడు.

సాయంత్రం వాన ముందర గాలి.
టేపంతా తళతళమని, ఝుమ్మని.
పావురాలు రెండూ లేచిపోయి
నంజమ్మ మిద్దె మీద వాలినాయి.
"ఏన్రీ ఇదు?" అని కేకేసింది ఆమె.
నేను చెప్పినాను, ఎందుకు, ఎట్లా,
మెలిక సంగతి కూడా,
ఆమె లోపలికి పోయినాక గుర్తొచ్చింది
చెప్పిందంతా కన్నడమే అని.
ఏ కూరగాయల బండి దగ్గర, ఏ రేషన్ క్యూలో
అంటుకుందో, అడిగితే చెప్పలేను.

మెంతులు మళ్ళీ చల్లినాను.
ఈ పొద్దు ఒక పావురం మాత్రం వచ్చింది.
టేపుకి అవతలే నిలబడి
మెడ పక్కకి వాల్చి చూస్తా ఉంది.
గాలి వచ్చింది. టేపు ఏదో అని
ఆగింది.
ఆ ఖాళీలో
పావురం గుర్రుమంది.