ఒకటి తక్కువ

ఎదుటిపక్షాన్ని ఎప్పుడూ కుడివైపు కూర్చోబెట్టేవాడు.
ఎడమ చెవి పద్దెనిమిదో ఏటే పోయింది
సుర్వాలంపి సరస్సు ఒడ్డున, ఫిరంగి మోతకి.
వినిపించే చెవి శత్రువుకి,
వినిపించనిది సొంత మంత్రిత్వశాఖకి.
ఇరవై రెండేళ్లు నేనాయనకి దుబాసీని.
ఈ ఏర్పాటు సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు,
నేనూ అనువదించలేదు.

ఆర్మస్ కీస్కినెన్.
సంతకం మధ్యలో ఆగి కలం దులిపేవాడు
సిరా గడ్డకట్టిందేమోనని.
జెనీవాలో. జూన్ నెలలో.

మూడు వందల పన్నెండు.
నేల బిగుసుకోకముందే పాతెయ్యాలన్నారు పైవాళ్లు.
బంగాళాదుంపలు వేసుకునే ఇంటి కుర్రాడు,
సాళ్లూ ఎడాలూ ఒకరు నేర్పక్కర్లేదు.
జానెడు లోతు, మూడడుగుల ఎడం,
పైన నాచు పరిచి అరచేత్తో సర్దడం,
పసిబిడ్డకి దుప్పటి సర్దినట్టు.
పాతర అంటే రేపటికి గింజలు దాచుకునేది.
ఇదీ పాతరే, మందుపాతర.
పటం గీసిందీ తనే, పెన్సిలుతో,
బిర్చి చెట్లని గుర్తులు పెట్టుకుని.

తర్వాత సరిహద్దు జరిగింది.
ఊరు అక్కడే ఉంది, దేశం ఇటు వచ్చేసింది.
వాళ్లమ్మ ఆవుని తోలుకుంటూ నాలుగు రోజులు నడిచి
పొయ్యిలో రొట్టె మర్చిపోయానని
చనిపోయేదాకా అంటూనే ఉంది.

నా మొదటి రోజు ఉద్యోగం: మాస్కోలో ఒక ఇరుకు గది,
అవతల ఒక కర్నల్, ఇవతల ఈ మూడో కార్యదర్శి.
కోటు అస్తరు కుట్లు విప్పి
మడతల్లో చిరిగిన కాగితం బల్లమీద పరిచాడు.
మంత్రిత్వశాఖని అడగలేదు.
అడిగితే ఎడమ చెవిలో వద్దనేవాళ్లు.
"ఇవి నేను పాతినవి" అన్నాడు. చెప్పాను.
"ఇన్నేళ్లకి ఎందుకు?" అన్నాడు కర్నల్. చెప్పాను.
"మంచు కరుగుతోంది. మేకలు బయటికొస్తాయి."
మేకలు అన్న మాట నాకు వెంటనే తట్టలేదు,
చేత్తో కొమ్ములు చూపించాను.
కర్నల్ నవ్వలేదు. పటం తీసుకున్నాడు.

ఆకులు రాలే వేళకి ఒక చీటీ వచ్చింది.
సంతకం లేదు. అంకె ఒక్కటే.
మూడు వందల పదకొండు.

ఆ తర్వాత ఎన్ని బల్లలో.
ఇసుక గాలికి ఎగిరిపడే గుడారంలో,
కరెంటు పోయిన రేవు హోటల్లో కొవ్వొత్తి చుట్టూ
కాల్పులు ఆపించాడు, ఖైదీలని విడిపించాడు.
అందరూ చప్పట్లు కొడుతుంటే
బల్ల కింద వేళ్లు మడుచుకునేవాడు, లెక్క సరిచూసుకుంటున్నట్టు.
పతకం ఇచ్చారు. దాని పెట్టెలో
చెవి మిషను బ్యాటరీలు దాచుకున్నాడు.

ఒకసారి ఒక కుర్ర ప్రతినిధి లేచి
"చంపినవాడివి, శాంతి గురించి నీకేం తెలుసు?" అన్నాడు.
మెత్తగా చెబుదామా అనుకున్నాను, ఉన్నదున్నట్టే చెప్పాను.
"నిజమే" అన్నాడు.
ఆ ఒక్క మాటనీ రెండు భాషల్లో చెప్పి
నీళ్లు తాగాను.

ప్రతి వసంతానికీ ఒక ఉత్తరం రాసేవాడు.
తేలిందా? అని. అంతే.
కర్నల్ పోయాక కర్నల్ ఆఫీసుకి,
ఆఫీసు పేరు మారాక ఆ కొత్త పేరుకి.

కొత్త మంచు మీద ఎవర్నీ ముందు నడవనిచ్చేవాడు కాదు.
"నా అడుగుల్లోనే అడుగు వెయ్యి" అనేవాడు,
ఎంబసీ వాకిట్లోనైనా, కారు పది గజాల్లో ఉన్నా.
ముసలాడికి పొగరన్నారు కొందరు.
నేను ఇరవై రెండేళ్లూ ఆ అడుగుల్లోనే వేశాను,
నా బూట్లకి అవి మరీ పెద్దవి.

ఫిబ్రవరిలో పోయాడు.
రాత్రంతా కురిసింది. శ్మశానం గేటు దాటితే
ఒక్క అడుగు జాడ లేని తెలుపు.
పెట్టె మోసేవాళ్లు ఆగిపోయారు.
రాయబారులు, ఇద్దరు మంత్రులు, మనవరాలు సైమీ,
ఎందుకాగామో ఒకరినొకరు అడగలేదు.
గోతులు తవ్వే మనిషి వెనకనుంచి తోపుడుబండితో వచ్చి
"కాస్త దారివ్వండి" అని
కింద చూడనైనా చూడకుండా అడ్డంగా నడిచెళ్లిపోయాడు.
మేమంతా అతని జాడలో.
సగం దూరం వెళ్లాక తెలిసింది
నేను లెక్కపెడుతున్నానని.