కీలు

ముప్పై నాలుగేండ్లు కాజీపేట లైన్ల కీమాన్ పని చేసిన.
చీకటుండంగనే సుత్తె భుజానేసుకొని
పిండ్యాల దిక్కు పట్టాల వెంట నడక,
పొయ్యేటప్పుడొక పట్టా, వచ్చేటప్పుడొక పట్టా.
గట్టిగున్న కీ దెబ్బకు ఖంగున పలుకుతది.
వదులైంది మాత్రం
పంటినొప్పోడు మాట్లాడినట్టు
నోట్లె నోట్లెనే గొణుగుతది.
ఆ గొణుగుడు వినుడే నా కొలువు.

దిగిపొయ్యిననాడు దండ వేసిండ్రు,
చేతిగడియారం ఇచ్చిండ్రు,
"ఇగ రెస్టు తీసుకో మొగిలన్నా" అన్నరు.
తీసుకున్న.
రెస్టు ఎంత బరువుంటదో
మా సోమిడిల నులకమంచానికి ఎరుక.

పోయినేడు ఒకనాడు మోకాలు గొణిగింది.
ఎంజీఎంల డాక్టరు పిల్ల
ఎక్స్‌రే దీపానికి పట్టి చూసి
"కీలు అరిగినయ్ తాతా" అన్నది.
నాకు నవ్వాగలే.
కీల ముచ్చట నాకే చెప్తున్నవా బిడ్డా!
ఒక్క కీ వదులైందని లైను మూస్తరా ఎవరన్న?
సందు చూసి, రేకుముక్క చెక్కి, మళ్ల కొడ్తం.
బండి పోతనే ఉంటది,
కొంచెం మెల్లగ.

తెల్లారి రైల్వే స్టేడియంకు పొయ్యిన.
అక్కడ పోలీసు కొలువుల కోసం ఉరికే పిల్లలు,
పర్కాల పోరగాండ్లు, మరిపెడ తండా పిల్లలు,
గదికి ఆరుగురు, అన్నం ఒక్క కుక్కర్ల.
టైము చూసే ఫోను కిందపడి పగిలిందట,
నా గడియారం చూసి ఆశగ నిలబడ్డరు.
గట్ల నాకు మళ్ల డ్యూటీ పడ్డది.

నాలుగు రౌండ్లు, పదహారొందల మీటర్లు.
నేను ముల్లు కంటే ఎక్కువ అడుగులు వింట.
"శిరీషా, నీ ఎడమ కాలు గొణుగుతంది,
మడిమె నొప్పా?" అంటే
నోరు తెరిచి చూసింది ఆ పిల్ల.
బూటు ఇప్పితే బొబ్బ.

ఒక్కడు మాత్రం ఉరకక గట్టుమీద కూసుండు.
ఈసంపల్లి తిరుమలేశు, రెండుసార్లు తప్పిండు.
"ఏమైందిరా?" అంటే
నేల చూసుకుంట అన్నడు:
"ఇరవై ఏడు దాటింది తాతా,
వయసు అయిపోయింది."

నాకు డెబ్బయ్యొకటి.
ఏం చెప్పాలె వానికి?
నోటిఫికేషన్ల లెక్క నాకు రాదు,
వాని బాధ అబద్ధం కాదు.
లుంగీ ఎగ్గట్టిన. చెప్పులు ఇడిచిన.
"లే, నాతోని ఉరుకు. నేను పడితే లేపేటోడు కావాలె."

ఉరుకుడంటే ఉరుకుడు కాదు లెండి,
ఊగుడు, ఈడ్చుడు, నిలబడి ఆయాసపడుడు.
రెండో రౌండుకు చెమట కండ్లల్ల పడ్డది,
మూడో రౌండుకు వాడు నవ్విండు,
నాలుగోది సగం నడిచినం,
ఎవని తల్లి చేసిన సకినాలు మంచివో కొట్లాడుకుంట.
ఇరవై రెండు నిమిషాలు.
గడియారం చూసిన శిరీష
"తాత సెలెక్ట్ కాలే!" అని అరిసింది.
గ్రౌండు గ్రౌండంత పకపక.

తిరుమలేశు ఇప్పుడు మడికొండల
బోరుమోటర్లు బాగుచేసుడు నేర్చుకుంటండు.
పొద్దుగాల మాత్రం వస్తడు,
ఏ పరీక్ష కోసం కాదు.
నా టైము పందొమ్మిదికి వచ్చింది.
మొన్న వానలకు మళ్ల ఇరవై అయింది.
కానీ తియ్.

రోజు నిద్రలేవంగనే మంచం మీద కూసొని
పిడికిలితోటి మెల్లగ కొట్టుకుంట,
చీలమండ, మోకాలు, తుంటి, భుజం.
కొన్ని పలుకుతయ్. కొన్ని గొణుగుతయ్.
వాకిలి ఊడ్సుకుంట అడుగుతది మా కొంరమ్మ:
"ఎన్ని వదులైనయ్ ఇయ్యాల?"
"శానా."
"మరి కూసున్నవేంది?" అని
పిల్లలు కొనిచ్చిన తెల్లబూట్లు
నా ముందట పడేసి పోతది.