చెవి పట్టిన చెయ్యి

పద్దెనిమిదేండ్లు నా పని చెవి పట్టుకోవడం.
ఎడమ చేత్తో చెవి, కుడి మోకాలు డొక్కకు ఆనించి
సూది దిగేదాకా మెదలనీకుండా.
జీతం చీటీలో అటెండర్ అని ఉంటాది.
జీవాల లెక్కలో నేనేందో
ఏ చీటీలోనూ లేదు.

వాటికి పేర్లుండవు.
చెవికి పసుప్పచ్చ బిళ్ళ, బిళ్ళ మీద అంకె.
నలభై ఏడు మాత్రం నా చొక్కా గుండీ నమిలేది.
చిటుక రోగం మందు పరీక్షలో
మూడో దినం తెల్లారుజామున
మెడ వెనక్కి విరుచుకోని
నీళ్ళు లేని పెన్నలో ఈదినట్టు కాళ్ళు కొట్టుకోని
చిటికె వేసేలోపల పోయె.
కోసి చూసినప్పుడు
గుండీ నేనే ఏరుకున్నా.

షాహీన్ మేడమ్ వచ్చినాక పని మారింది.
ఆదివారం పొద్దన్నే
ఖాదర్‌బాషా అంగడి ముందర
ఐసు డబ్బా పట్టుకోని నిలబడతాను.
ఎట్లా కోసేదే కదా,
మూరెడు పేగు తెంపి ఇస్తాడు.
"బోటికూరకా, చదువుకా?" అని నవ్వుతాడు.

మేడమ్ ఆ పేగును ఏడు నీళ్ళు కడుగుతాది.
లోపలి మడతల్లోంచి కంటికి ఆనని కణాలు విడదీసి,
మన ప్రొద్దుటూరు బంగారంగళ్ళలో
రజను తూచినట్టు
చుక్క చుక్క లెక్కపెట్టి జిగురులో నాటుతాది.
నాలుగు దినాలకు బుడగలు.
పది దినాలకు బుడగకు మొగ్గలు,
మొగ్గలకు మడతలు.
ఆర్గనాయిడ్ అంటాది ఆమె.
పిల్లపేగు అంటాను నేను.

దానికి రెండు దినాలకొకసారి మార్చే ఎర్రనీళ్ళే మేత.
నెమరు లేదు, మంద లేదు,
వాన మబ్బు చూసి బెదిరేది లేదు.
కన్నపేగు అని మనమంటాం గదా,
దీన్ని కన్న పేగు
ఆ ఆదివారమే ఎవరింట్లోనో ఉడికిపోయింటాది.
విషం చుక్క వేస్తే
ఊరికే ముడుచుకుంటాది,
గోడ వదులై లోపలిది బయటికి కారుతాది.
అరుపుండదు.
గదిలో ఫ్రిజ్జు మూలిగేదొక్కటే.

తొలకరి పడిన వారానికి
జమ్మలమడుగు దిక్కునుంచి ఎర్రిస్వామి వచ్చె.
పచ్చిక మేసిన రాత్రే పదకొండు పోయినాయంట.
"బక్కయి బతికినాయి సార్,
బలిసినవే పాయె."
నన్ను సార్ అన్నాడు.

మేడమ్ మైక్రోస్కోపు కాడికి పిలిచె.
తలగుడ్డ తీసి, ఒక కన్ను మూసి,
శానాసేపు చూసినాడు.
"గొర్రేనా ఇది?"
"గొర్రెలో చిన్న ముక్క."
"యా మందది?"
మాకు తెలీదు. ఖాదర్‌బాషా సంతలో కొంటాడు,
సంతకు ఎవరి దొడ్డి నుంచి వస్తాదో.
"పోయిన నెల సంతకు నేనూ రెండు తోలినా"
అన్నాడు, కన్ను అద్దం మీంచి తీయకుండానే.

"దీంతో మందొస్తాదా?"
మేడమ్ అబద్ధమాడదు.
పనికిరాని మందులు ఇక్కడే తేలిపోతాయంట.
ఆఖరికి మాత్రం ప్రాణమున్న గొర్రె కావాలంట.
"ముందు నలభై కావాల్సొచ్చేది, ఇప్పుడు ఆరు చాలు."
"ఆ ఆరింటిని ఎవరు పట్టుకుంటారు?"
నేను చేతులు జేబుల్లో పెట్టుకున్నా.
అతను తలగుడ్డ విదిలించి చుట్టుకోని
చెప్పులు వెతుక్కుంటా పాయె.

నిన్న రాత్రి కరెంటు పోయె.
పిల్లపేగుల పెట్టె కుయ్యి కుయ్యిమని అరిసె,
దాని గొంతు గాదు, యంత్రం గొంతు.
ఐనా ఉత్త కాళ్ళతోనే ఉరికినా.
జనరేటర్ తాడు మూడుసార్లు లాగితే గానీ పలకలేదు.
తిరిగొచ్చి చీకట్లో పెట్టె మీద చెయ్యి వేస్తే
వెచ్చగా తగిలె, డొక్క మాదిరి.
ముప్పై ఏడు, ముప్పై ఏడు అని
అంకె ఎర్రగా మెరుస్తాండ్య.
నా ఎడమ చెయ్యి
తనంతట తానే పైకి పాకి
చెవి కోసం తడిమె.

డీజిల్ రెండు లీటర్లు ఖర్చు.
పొద్దున రిజిస్టర్లో రాయాల.