అద్దె చలికాలం

అనంతపురం పెద్దాసుపత్రిలో
నా మంచం పక్కన స్టూలు లాక్కొని
పొట్లం విప్పింది ఓబుళమ్మ.
గింజలున్న నల్లద్రాక్ష, పావుకిలో.
"గింజ మింగొద్దు, కడుపులో చెట్టు మొలుస్తాది."
కుట్లు లాగుతాయని నవ్వలేకపోయినాను.
మందుల గ్లాసులోకి ఉమ్మినవి పదకొండు.
ఎక్స్‌రే కవర్లో పడి
అవీ నాతోపాటు ధర్మవరం వచ్చినాయి.

నీళ్ళలో వేస్తే నాలుగు తేలినాయి, పారబోసినాను.
మునిగినవి ఏడు.
వాటికి చలి కావాలంట.
రెండు మూడు నెలలు వణికితే గానీ
లేవాలని తెలీదంట ద్రాక్షగింజకు.
మార్గశిరంలో కూడా మిట్టమధ్యాహ్నం
రేకుల కింద చెమట కారే ఊరు మాది.
చలికాలం యాడనుంచి తెచ్చేది?

మస్తాన్‌వలి సోడాకొట్లో ఫ్రిజ్ ఉంది.
తడిపిన పట్టుపీలికలో చుట్టి, సున్నం డబ్బాలో పెట్టి
నిమ్మకాయల వెనక ఒక మూల అడిగినాను.
"బాడుగ ఏమిస్తావక్కా?"
వాళ్ళ పాప లంగాకు జరీ అంచు కుట్టిచ్చినాను.
కరెంటు పోయిన ప్రతి రాత్రీ
విసనకర్ర మర్చిపోయి
ఆ ఏడింటినే తలుచుకొన్నాను.

మూడు మొలిచినాయి.
ఒకటి కోడి తినింది.
ఒకటి, నేను కదిరి పోయి రెండ్రోజులుండి వచ్చేసరికి
కుండీలో దారప్పోగైంది.

నర్సరీ అబ్బాయి తల అడ్డంగా ఊపినాడు.
"గింజతో ఎందుకమ్మా? కొమ్మ తీసుకుపో.
కొమ్మ నాటితే తల్లే మళ్ళీ వస్తాది.
గింజలోంచి ఏమొస్తాదో ఎవరికీ తెలీదు."

ఆ మాట విన్నాకే మొండికేసినాను.
ముప్పై ఏండ్లుగా అచ్చులు అతుకుతున్నదాన్ని.
పాత పోగు కొసకు కొత్త పోగు,
అదే రంగు, అదే లెక్క,
బూడిద అద్దుకొని వేలితో ఒక మెలిక.
ఎవరి పెండ్లి చీరలో ఎన్ని వేల మెలికలు నావో
కట్టుకున్నవాళ్ళకు తెలీదు, తెలియకూడదు కూడా.
ఏమొస్తాదో తెలియనిది
ఒక్కటైనా ఈ చేతికింద పెరగనీ అనుకొన్నాను.

రెండో ఏడు నులితీగ వేసింది.
మరమగ్గాలొచ్చినాక మూలన పడిన దోనెను
వాకిట్లో గుంజగా పాతి
మిగిలిన పోగులతో వదులుగా కట్టినాను.
తెల్లారేసరికి నా ముడి పక్కనే
అది వేసుకున్న ముడి.
విప్పి చూద్దామని గిల్లితే
తెగింది గానీ ఊడిరాలేదు.

మూడో ఏడు ఆకులే.
ఇంటివాళ్ళు దాన్ని మేకకు వేద్దామన్నారు.

నాలుగో ఏడు, ఉగాది దాటినాక
ఆవగింజలంత మొగ్గలు, ఒకే గుత్తి.
పిట్టలకు దక్కకుండా పాత పైటకొంగు చుట్టి
రోజూ పొద్దున విప్పి చూసి మళ్ళీ చుట్టేదాన్ని.
నల్లగా అవుతాయనుకొన్నాను.
కాలేదు. పచ్చగానూ లేవు.
కాగిన రాగి రంగేదో తిరిగినాయి.

మొదటి పండు ఓబుళమ్మకే ఇచ్చినాను.
ఒక కన్ను మూసింది, తర్వాత రెండోది.
"అందని ద్రాక్ష పుల్లన అంటారు గదే,
ఇదేంది, అందినాక కూడా!"
ఈసారి కుట్లు లేవు.
గోడకానుకొని, కొంగు నోట్లో కుక్కుకొని నవ్వినాను.

చింతపండు మానేసి
ఆ గుత్తంతా కందిపప్పులో వేసినాను.
మస్తాన్ గిన్నె పంపించినాడు, పాతబాకీ అంటూ.
సంగటి ముద్ద గుంతచేసి పప్పు పోసుకొని
ఓబుళమ్మ చాలాసేపు మాట్లాడలేదు.
పండ్ల కింద పడిన గింజలు
తట్ట అంచున వరసగా పెట్టింది.
నాలుగేండ్లు.
చెయ్యి నాకి, చివరికి అనింది:
"ఉప్పు రవ్వంత ఎక్కువైందే."