కొట్టేసిన వాక్యం

తార్తూలో మార్చి. నది మీద మంచు ఇంకా పగల్లేదు.
నా పొట్ట మీద చిటికెడు చర్మం పట్టుకుని
నర్సు కైరిత్ సూది గుచ్చుతుంది.
నెలకి ఏడు రోజులు. ఇది మూడో నెల.

నా పేరు వైకె. మా భాషలో మౌనం అని.
పేరుకు తగ్గ ఉద్యోగమే చేశాను:
సోవియట్ రోజుల్లో ఊరి పత్రిక
అచ్చుకి వెళ్ళేముందు నా బల్ల మీద,
నా ఎర్ర పెన్సిలు కింద, ఓ గంట ఆగేది.

ఎముక మూలుగలో రోగం అన్నాడు డాక్టర్ ఉర్మస్.
"అక్షరాలు చాలావరకు సరిగ్గానే ఉన్నాయమ్మా,
చదవనివ్వడం లేదు, అంతే.
ఓ ఎంజైము తిరుగుతూ, సి అక్షరం కనబడ్డ చోటల్లా
చిన్న మిథైల్ ముద్ర వేసి పోతోంది.
ఆ ముద్రని చెరపాల్సిన ఇంకో ఎంజైముకి చెయ్యి విరిగింది.
కణాన్ని 'ఇక చాలు, ఆగు' అనే జన్యువు
పుస్తకంలోనే ఉంది, నోటికి గుడ్డ కట్టుకుని."

అతనికి ముప్పై నాలుగేళ్ళు.
నేనేం పని చేశానో తెలియదు.
నేను కిటికీ వైపు చూశాను.

ముద్ర వేసే చెయ్యి పాపిష్టిది కాదట.
తల్లి కడుపులో అదే
కంటికి గుండె పాఠం మూసేసి
కన్నుని కన్నుగా ఉంచిందట.
నేనూ అలాగే అనుకునేదాన్ని,
జీతం రోజున మరీ గట్టిగా.

ఈ మందు ఓ దొంగ అక్షరం.
సి వేషంలో వరసలో దూరి కూర్చుంటుంది.
ముద్ర వేయడానికొచ్చిన ఎంజైము
చెయ్యి అంటుకుపోయి అక్కడే చిక్కుకుంటుంది,
బంక కాగితం మీద ఈగలా.
ఏ పుటలు తెరుచుకుంటాయో
మందుకీ తెలియదు.

నాకు మాత్రం ఒకటి తెరుచుకుంది.
డెబ్భై తొమ్మిదిలో, ఓ రైతు ఉత్తరం.
వానలు, గడ్డి ధర, అన్నీ ఉంచాను.
ఒక్క వాక్యం కొట్టేశాను,
మా ఊరి పక్కన యుద్ధ విమానాలున్నాయని
ఎవరికీ తెలియకూడదు కనక.
(అవి రోజూ అందరి నెత్తి మీదుగానే వెళ్ళేవి.)
పత్రికలో ఆ రైతు
గడ్డి ధర గురించి మాత్రమే బాధపడ్డాడు.
అతని పేరు గుర్తు రావడం లేదు. ఎంత తవ్వినా.

రక్తం లెక్కలు కాస్త పెరిగాయి,
పండగ చేసుకునేంత కాదు.
కైరిత్ దూది అద్ది, నొప్పిగా ఉందా అంటుంది.

"ఆకాశం చప్పుడు చేసిన రోజు
మా ఆవులు చేపడం లేదు," అంటాను.

"ఏ ఆవులమ్మా?"

చెపుతాను, కూర్చో.