ఏడించుల పలక

జగదీశ్ మార్కెట్ల, మెట్ల కింది దుకాణంల
నాలుగువేల రెండొందలు చెప్పిండు.
నేను మూడువేల ఆరొందల కాడ నిలబడ్డ.
చాయ్ వచ్చింది, చాయ్ అయిపోయింది,
"లేజావ్ అమ్మా" అన్నడు ఆఖరికి
ఓడిపోయినోని మొఖం పెట్టి.
గ్యారంటీ ఎంతకాలమంటె
"గల్లీ దాటేదాక" అని నవ్విండు.
పరాచికం అనుకున్న.

ఏడించుల పలక.
దారపు రీళ్ల డబ్బాల పండవెడితే పడుతది.
మగ్గం కర్రకు ఆనిస్తే
పక్కన ఇంకో పనామె కూసున్నట్టే ఉంటది.
ఖరీదైనదానికి చేసే మర్యాదలు దీనికి అక్కెరలేదు.
పూసలు అంటిన చేత్తోనే తాకుత,
గమ్ము మరకను గోటితోని గీకుత.

రెండు వేళ్లతోని ఇట్ల సాగదీస్తే
నెమలి కన్ను అరచెయ్యంత అయితది.
ఎన్ని కట్‌దానాలు, జర్దోసి ఎక్కడ మళ్లింది,
ఏ ముడి కాడ కుట్టినామెకు నిద్రొచ్చింది,
అంత కనవడుతది.
పదకొండేండ్లు కండ్లద్దాలు నుదుటికెక్కించి, దించి
కాగితం మీద దేవులాడిన గీత
ఇప్పుడు నా వేలికింద గల్లీ లెక్క పోతది.
కరెంటు పోయిన ఒక రాత్రి
దాని వెలుగుల రెండాకులు, ఒక మొగ్గ కుట్టిన.

గని ఎండకు తీస్తే గుడ్డిదైతది.
నెమలి పోయి నా మొఖమే కనవడుతది,
అండ్ల ముక్కుపుల్ల కూడ సక్కగ రాదు.
పాట పెడితే అగ్గిపెట్టెల తుమ్మెద.
వందల పదిహేను ఉన్నదని చూపిచ్చుకుంటనే
చెప్పకుండ ఆరిపోతది.
ఛార్జింగు పిన్ను కింద ఖాళీ రీలు పెట్టి
రబ్బరు బ్యాండు ఏసి
ఊపిరి బిగవట్టి వదలాలె.
కదిలిచ్చినోళ్లకు ఆ పూట తిట్లే.

ఇవన్ని ఓర్చుకోవచ్చు. అబద్ధమాడుతది, అదీ బాధ.
మల్కాజిగిరి మేడమ్, బిడ్డ పెండ్లి రవికె.
చీర ఫోటో పంపింది. పలకల అది పండుమిరప.
బేగంబజార్ పోయి పండుమిరప దారం తెచ్చిన.
నేను, సాబెరా, మూడు రాత్రులు,
వీపు మీద రెండు హంసలు.
ఆమె వచ్చి సంచిల నుంచి చీర తీసింది.
నేరేడుపండు.
ఎవ్వరం మాట్లాడలే.
టేబుల్ ఫ్యానొక్కటే
తల అడ్డంగ ఊపుకుంట ఉన్నది.

ఆమె పోయినంక
కత్తెర మొనతోని హంస మెడ విప్పుకుంట
సాబెరా అన్నది:
"దాన్నెందుకు తిడుతవు అక్కా,
మూడువేల ఆరొందలకు గీత చూపిచ్చింది.
రంగు కూడ చూపియ్యాల్నా?"

అప్పటిసంది గీతకు పలక, రంగుకు పొద్దు.
పదింటికి గడప దాటి
కొంగు, దారం పక్కపక్కన పట్టి చూస్త.
చెత్తబండి నర్సమ్మ ఆగి
"కలిసింది పో" అంటెనే లోపలికొస్త.

మొన్న జాగ నిండిందన్నది.
ఒక నెమలి రావాలంటె ఒక నెమలి పోవాలె.
తీసేసుకుంట పోతుంటె దొరికింది,
మేనల్లుడు ప్రణీత్ ఆటకు తీసిన
నలభై సెకండ్ల వీడియో.
సాబెరా కుడిచెయ్యి.
మొఖం లేదు. మజ్జిగల నుంచి చూసినంత మసక.
పచ్చదారం నీలమైంది,
గాజులకు ఏ రంగూ మిగల్లే.
గని సూది మునిగి తేలే తాళం
చుక్కకు చుక్క, అట్లనే ఉన్నది.
ఎనకాల తుమ్మెద గొంతుల
"అక్కా, జర లైటు జరుపు."

కండ్లకు పొరలొచ్చి
ఆమె చెల్లె ఇంటికి, బీదర్‌కు పోయి రెండేండ్లు.

పదమూడు నెమళ్లు తీసేసిన.
ఒక ఏనుగు కూడ.

రాత్రి రబ్బరు బ్యాండు తెగింది.
డబ్బంత దేవులాడి
లంగా నాడ ముక్కతోని కట్టిన.
తెల్లారెవరకు వందల అరవై ఎక్కింది.
ఈ రోజుకు గది చాలు,
ఇంకా ఎడమ చెయ్యి మీద అంచు మిగిలే ఉన్నది.