ఉప్పు వెళ్ళిపోయిన మట్టి

మునిసిపల్ ఆఫీసు అడుగున, బాయిలర్ పక్క గదిలో
ఈ చలికాలమంతా నా ఉద్యోగం
ఊడ్‌వార్ చేతిరాత చదవడం.
పదకొండువందల నలభై కార్డులు.
ఒక్కో కార్డు ఒక్కో బోరు,
ఈ లోయ ఒంట్లోకి దింపిన ఒక్కో సూది.

గ్రీజు వేలిముద్రలు, కాఫీ కప్పు వలయం,
అరిగిన పెన్సిలుతో:
పద్నాలుగో మీటరు, నీలి బంకమన్ను.
పదిహేను, అదే.
పదహారు దగ్గర అంకె లేదు, ఒక మాట ఉంది:
"కడ్డీ దానంతటదే దిగింది."

నార్వేలో ఈ మూల ఒకప్పుడు సముద్రం అడుగు.
నెత్తిన మంచు బరువు దిగాక వీపు పైకెత్తి
పొలమైంది, చర్చి అయింది, బస్టాపైంది.
రేకు మీద రేకుగా ఆ బంకమన్నును నిలబెట్టింది ఉప్పే.
ఉప్పు తిన్నన్నాళ్ళూ విశ్వాసంగా పడి ఉంది.
వేల ఏళ్ళుగా వాననీళ్ళు
ఆ ఉప్పును కడిగి పట్టుకుపోతున్నాయి,
మట్టికి చెప్పకుండా, మాకూ చెప్పకుండా.
ఇప్పుడది ముట్టుకుంటే మన్ను,
కదిపితే మజ్జిగ.

ఎనభై మూడులో స్టోర్‌లి వాళ్ళ కొట్టం
ఆవులతో సహా ఏట్లోకి నడిచిపోయింది.
పక్క చేలో బోరు రెండేళ్ళ ముందే వేశారు.
కాగితం ఉంది, కంపెనీ బీరువాలో.
బీరువాకు తాళం ఉంది.
తియ్యమని ఎవరూ అడగలేదు.
ఉందని తెలిస్తే కదా అడగడానికి.

ఆ ఇంటి చిన్నవాడు సిగ్‌బ్యోర్న్
పెద్దయ్యాక ఈ ప్రోగ్రాం రాశాడు.
రాసి, తాళం వెయ్యకుండా వదిలేశాడు.
ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూడొచ్చు,
నచ్చకపోతే మార్చి నలుగురికీ పంచొచ్చు.
లైసెన్సు చివర మాత్రం పెద్ద అక్షరాల్లో
ఎలాంటి హామీ లేదని రాసి ఉంటుంది.
నేలా అదే అంటుంది. చిన్న అక్షరాల్లో.

ప్రోగ్రాం మహా మొండిది.
లోతు గడిలో లోతే రాయాలి.
ఖాళీ వేరు, సున్నా వేరు అని
ఎర్రగా మూడుసార్లు గదమాయించింది.
కొలవలేదు అంటే బలం లేదని కాదట.
అక్కతో మాట్లాడని ఆరేళ్ళు గుర్తొచ్చాయి.
నేను సున్నా అనే వేసుకున్నాను.

అంతా బాగానే ఉంది గానీ
కడ్డీ దానంతటదే దిగిన సంగతికి గడి లేదు.
అంకె చెయ్యలేను, పారెయ్యలేను.
సిగ్‌బ్యోర్న్‌కు రాశాను. ఉలుకూ లేదు పలుకూ లేదు,
చేపలకు పోయి ఉంటాడు.
జవాబు క్యూబెక్ నుంచి వచ్చింది.
ఓడీల్ తెరియో అట, ముఖం ఎరగను.
"మా నది ఒడ్డునా ఇదే మట్టి.
మా పాత కార్డుల్లోనూ ఇదే మాట, ఫ్రెంచిలో."
కింద పదహారు లైన్ల కోడు.
మర్నాటికి తెర మీద కొత్త గడి తెరుచుకుంది:
డ్రిల్లర్ మాట.

నలభై ఒక్క చోట్ల అతని మాట దొరికింది.
మ్యాపులో ఎర్ర చుక్కలై వంకరగా సాగి
కొత్త బాలబడి ప్లాను కిందనుంచి పోయాయి.
ఏప్రిల్‌లో ఆ ప్లాను పైకి, రాతి మీదికి జరిగింది.
పేపర్లో రాలేదు.
కూలనిది ఎవరికి వార్త?

మ్యాపు తీసుకుని వృద్ధుల ఆశ్రమానికి వెళ్ళాను.
ఊడ్‌వార్‌కు తొంభై ఒకటి.
ఎర్ర చుక్కల వంక చూడలేదు.
వేలు వణుకుతూ తిరిగి తిరిగి
ఏమీ లేని చోట ఆగింది.
"ఆరువందల పన్నెండు," అన్నాడు.
"వెయ్యలేదు. ఆ రోజు వాన."

తిరిగొచ్చి మెషీను ముందు కూచున్నాను.
లోతు: ఖాళీ.
బలం: ఖాళీ.
డ్రిల్లర్ మాట:
ఆ రోజు వాన.